సెంచూరియన్ 1/35: బసంతర్ దుమ్ము ఎలా పట్టించాలి?

గొలుసుబండి (హనుమకొండ)

అందరికీ నమస్కారం. ఏఎఫ్‌వీ క్లబ్ వాళ్ల సెంచూరియన్ ట్యాంకు మోడల్ కిట్ (అసలు బండిలో 35వ వంతు సైజు) అతికించడం అయిపోయింది, రంగు కూడా పడింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర 17 పూనా హార్స్ రెజిమెంట్ వాడిన బండిలా తయారు చెయ్యాలని ఉంది. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ నడిపించిన ‘ఫామగుస్టా’ ట్యాంకు గురించి ఇక్కడ చెప్పక్కర్లేదు. నేను చేసేది అది కాదు, అదే రెజిమెంట్‌లో పేరు తెలియని ఇంకో బండి. బసంతరే ఎందుకంటే, సికింద్రాబాద్‌లో ఉండే మన 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ ఆ యుద్ధంలో పోరాడింది అక్కడే. చిన్నప్పటి నుంచీ మా మేనమామ నోట ఆ కథలు విన్నాను.

ఇప్పటిదాకా చేసింది: గ్రే ప్రైమర్, దాని మీద టామియా ఎక్స్‌ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్‌లో కొంచెం ఎక్స్‌ఎఫ్-58 ఆలివ్ గ్రీన్ కలిపి రెండు పలచటి కోట్లు, పైన ఎక్స్-22 గ్లాస్ (మెరిసే పారదర్శక పూత). ఇప్పుడు చూస్తే ప్లాస్టిక్ బొమ్మలా మెరుస్తోంది. యూట్యూబ్ తెరిస్తేనేమో ప్రతి ట్యాంకూ పదేళ్లు చెరువులో నానబెట్టి తీసినట్టు ఉంటుంది. రెండింటికీ మధ్య ఎక్కడ ఆగాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

దుమ్ము ఏ రంగులో ఉండాలి? రంగు ఎంత ఊడినట్టు చూపించాలి? ట్రాక్‌కి (చక్రాల చుట్టూ తిరిగే గొలుసుకి) ఏం వెయ్యాలి? ఇంకొకటి, మా పొలంలోని చలక మట్టి ఒక డబ్బా నిండా ఉంది. జల్లించి వాడెయ్యనా?

---

తుప్పు రాజా (విజయవాడ)

బ్రదర్, గ్రీన్ వెయ్యకముందే అడగాల్సింది. హెయిర్ స్ప్రే పద్ధతి అయితే అదిరిపోయేది. ముందు తుప్పు రంగు వేసి, ఆరాక మామూలు హెయిర్ స్ప్రే రెండు కోట్లు కొట్టి, దాని మీద అక్రిలిక్ గ్రీన్ వెయ్యాలి. అరగంటయ్యాక గోరువెచ్చటి నీళ్లతో తడిపి గరుకు బ్రష్‌తో రుద్దితే పై రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.

ఇప్పుడైనా మించిపోయింది లేదు. గిన్నెలు తోమే స్పాంజి ముక్క చించి, ముదురు గోధుమ రంగులో ముంచి, పేపర్ మీద అద్ది, మిగిలిన తడితో అంచులన్నిటి మీదా అద్దు. టరెట్ (పైన తిరిగే ఫిరంగి గూడు), ఫెండర్లు, హ్యాచ్‌లు (మనుషులు దిగే మూతలు), దేన్నీ వదలకు. యుద్ధంలోంచి వచ్చిన బండి యుద్ధంలోంచి వచ్చినట్టే ఉండాలి.

---

మాజీ దఫేదార్ (తాడేపల్లిగూడెం దగ్గర)

బాబూ గొలుసుబండి, నేను మోడల్స్ చేసేవాణ్ని కాదు. మా మనవడు ఇక్కడ చదువుతుంటే పక్కన కూర్చుని చూస్తుంటాను. ఈ ప్రశ్నకు మాత్రం నేనే చెప్పాలనిపించి వాడి చేత టైపు చేయిస్తున్నాను.

నేను సెంచూరియన్ నడపలేదు. అహ్మద్‌నగర్‌లో ట్రైనింగ్ అయ్యాక 1980ల్లో విజయంతా ట్యాంకు మీద డ్రైవర్‌గా చేశాను. అది ఆవడి ఫ్యాక్టరీలో తయారైన బండి. దీనికన్నా బరువు తక్కువ, కానీ మనుషులు ఎక్కేదీ దిగేదీ, పని చేసేదీ అన్నీ దాదాపు ఇలాగే.

తుప్పు రాజా గారు ఏమనుకోవద్దు. మా దగ్గర తుప్పు పట్టిన బండి ఉంటే మెయింటెనెన్స్ పరేడ్‌లో మా తోలు ఒలిచేవాళ్లు. నడుస్తున్న బండి మీద రోజూ చేతులు పడతాయి. గ్రీజు పెడతారు, తుడుస్తారు, రంగు పోయిన చోట కుంచెతో మళ్లీ పూస్తారు. ఆ పూత కొత్తది కాబట్టి పక్కనున్న పాత రంగు కంటే కాస్త ముదురుగా కనిపిస్తుంది. మీరు చూపించాలనుకుంటే అది చూపించండి, అది నిజం.

పైగా 1971 పోరు పశ్చిమాన డిసెంబరు 3న మొదలై 17న కాల్పుల విరమణతో ఆగిపోయింది. రెండు వారాల్లో కవచం ఉక్కు ఏం తుప్పు పడుతుంది? రెండు వారాల్లో బండికి పట్టేవి దుమ్ము, బురద, గ్రీజు, నూనె, కాల్చిన మసి, మా బూట్ల అడుగులు.

బూట్లు ఎక్కడ పడతాయో చెబుతాను. ముందు వైపు నుంచి ఎక్కుతాం. ట్రాక్ గార్డు మీద ఒక కాలు, హెడ్‌లైట్ పక్కన ఇంకో కాలు, తర్వాత డ్రైవర్ హ్యాచ్ అంచు. టరెట్ మీదికి వెళ్లేవాడు స్టోవేజ్ బిన్ (సామాన్ల పెట్టె) మూత మీద కాలు పెడతాడు. చేతితో పట్టుకునే కమ్మీలు నునుపెక్కి మెరుస్తాయి. ఈ చోట్ల దుమ్ము నిలవదు. చుట్టూ దుమ్ముండి ఇక్కడ మాత్రం రంగు ముదురుగా, కొంచెం జిడ్డుగా ఉంటుంది. ఇంజిన్ డెక్ మీద కూడా అంతే, రోజూ తెరిచి మూసేవి కదా.

తుప్పు కావాలంటే దానికీ చోట్లు ఉన్నాయి. సెంచూరియన్‌కి వెనక ఫెండర్ల మీద రెండు వైపులా సైలెన్సర్లు ఉంటాయి చూడండి, వేడికి వాటి మీద రంగు నిలవదు. అక్కడ వేసుకోండి. వైరు తాడు మీద, స్పేర్ ట్రాక్ లింకుల మీద వేసుకోండి.

ట్రాక్ సంగతి. రాత్రి మంచు కురిస్తే పొద్దున్నే ట్రాక్ మీద సన్నటి నారింజ పొర ఉంటుంది. బండి కదిలిందంటే నేలకు ఒరుసుకునే చోట అది పోయి తెల్లటి ఉక్కు బయటపడుతుంది. లోపలి గుంటల్లో మట్టి గడ్డకట్టి ఉంటుంది. వెనకున్న స్ప్రాకెట్ (ట్రాక్‌ని లాగే పళ్ల చక్రం) పళ్లు ఎప్పుడూ మెరుస్తూనే ఉంటాయి.

---

గొలుసుబండి

దఫేదార్ గారూ, పాదాభివందనం. ఇది నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు. మనవడికి కూడా థాంక్స్ చెప్పండి.

---

డోర్సెట్ తెలుగోడు (ఇంగ్లండ్)

మా ఇంటి నుంచి బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం దగ్గరే. సెంచూరియన్‌ని ముక్కు ఆనించి చూసే అదృష్టం ఉంది కాబట్టి రెండు మాటలు.

టరెట్ పోత పోసిన ఉక్కు, పైకప్పు మాత్రం వెల్డింగ్ చేసిన పలక. చేత్తో తడిమితే తేడా తెలిసిపోతుంది. పక్కల గరుకుగా, కప్పు నున్నగా ఉంటాయి. హల్ (టరెట్ కిందున్న బండి ఒళ్లు) అంతా పలకలు వెల్డింగ్ చేసిందే. కిట్‌లో టరెట్ గరుకుదనం చాలకపోతే మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి ప్రైమర్‌ని పాత బ్రష్‌తో పొడిచినట్టు అద్ది, ఆరాక సన్నటి శాండ్‌పేపర్‌తో పైపైన తగ్గిస్తారు. నీది రంగు దాకా వచ్చేసింది కాబట్టి ఇది తర్వాతి బండికి. కానీ దుమ్ముకీ దీనికీ సంబంధం ఉంది. గరుకు చోట దుమ్ము పట్టుకుంటుంది, నున్నటి పలక మీద నుంచి జారిపోయి వెల్డింగ్ గీత దగ్గర ఆగుతుంది.

రెండోది, దయచేసి డీజిల్ మరకలు వెయ్యకు. సెంచూరియన్ ఇంజిన్ రోల్స్ రాయిస్ మీటియర్, 27 లీటర్ల వీ12, పెట్రోల్ బండి. స్పిట్‌ఫైర్ విమానాల్లో వాడిన మెర్లిన్ ఇంజిన్ నుంచి సూపర్‌చార్జర్ తీసేసి తయారు చేసిందది. తాగుడు ఎక్కువ కాబట్టి మాటిమాటికీ నింపాలి. ఫిల్లర్ మూత దగ్గర పెట్రోల్ ఒలికితే నల్లటి జిడ్డు మరక పడదు. అది దుమ్మును కడుక్కుంటూ పోయి ఆవిరైపోతుంది. ఒలికిన చోట శుభ్రంగా ఉండి, అంచున లేత దుమ్ము గీత మిగులుతుంది. నల్లటి మెరుపు మరకలు కావాలంటే ఇంజిన్ ఆయిల్ పోసే చోట, చక్రాల హబ్‌ల దగ్గర వేసుకో. ఒక్కో వైపు ఆరు జతల చక్రాలు. అన్నిటికీ వేస్తే అచ్చు గుద్దినట్టు ఉంటుంది, రెండింటికో మూడింటికో చాలు.

ఇక రంగు. బ్రిటిష్ సైన్యంలో ఇవి డీప్ బ్రాంజ్ గ్రీన్‌లో ఉండేవి, బీఎస్ 381సీ అనే రంగుల పట్టికలో 224వ నంబరు. చాలా ముదురు, నిగనిగలాడే పచ్చ. మన దగ్గర ఆలివ్ గ్రీన్‌కి ఐఎస్ 5 పట్టికలో 220వ నంబరు. పార్కుల్లో, కంటోన్మెంట్ గేట్ల దగ్గర పెట్టిన ట్యాంకులు చూసి మాత్రం రంగు కలపకండి. వాటికి ఏటా ఏ డబ్బా దొరికితే ఆ ఎనామెల్ కొడతారు, ట్రాక్‌లకు నల్ల రంగు, చక్రాల అంచులకు తెల్ల రంగు కూడా వేస్తారు!

---

కుంచె కల్యాణి (హైదరాబాద్)

గొలుసుబండి గారూ, చలక మట్టి డబ్బా మూత పెట్టెయ్యండి. అది ఎర్రగా ఉండేది ఇనుము వల్ల. బసంతర్ రావికి ఉపనది, అది పారే షకర్‌గఢ్ ప్రాంతమంతా ఒండ్రు నేల. అక్కడి దుమ్ము లేత బూడిద కలిసిన గోధుమ రంగు, పిండిలా మెత్తన. తడిస్తే రెండు మూడు ఛాయలు ముదురుతుంది, కానీ ఎర్రబడదు. మీ మట్టి పారెయ్యకండి, ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 శరత్ సైనిక వాహనం ఎప్పుడైనా చేస్తే దాని చక్రాలకు చక్కగా సరిపోతుంది.

మరి ఒండ్రు దుమ్ముకి ఏం వాడాలి? ముల్తానీ మట్టి. నవ్వకండి. విదేశీ మోడలర్లు ఫుల్లర్స్ ఎర్త్ అని దుమ్ముకి వాడేది ఈ బాపతు మట్టినే. కిరాణా కొట్లో దొరికేది పలచటి నూలుగుడ్డలో వేసి దులిపితే కిందికి దిగే పొడి 1/35 సైజుకి సరిపోయేంత మెత్తగా ఉంటుంది. రంగు కొంచెం పసుపు ఎక్కువ. దాన్ని తగ్గించడానికి బూడిద రంగు, ముదురు గోధుమ రంగు సాఫ్ట్ పేస్టల్ ముక్కల్ని శాండ్‌పేపర్ మీద రుద్ది ఆ పొడి కలుపుతాను. ఒకేసారి ఒక గిన్నెడు కలపొద్దు. లేతది, మధ్యరకం, ముదురుది అని మూడు చిన్న మూతల్లో పెట్టుకోండి.

ఇక వరుస. మీకు గ్లాస్ కోటు ఉంది, మంచిదే. నంబర్లు, గుర్తులు ఇప్పుడే వేసెయ్యండి. డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తు) నున్నటి గ్లాస్ మీదే గాలి చిక్కకుండా కూర్చుంటుంది. మ్యాట్ (మెరవని పూత) మీద వేస్తే కింద వెండి రంగు మెరుపు కనిపిస్తుంది.

తర్వాత ఆయిల్ పెయింట్లు. ఖరీదైన వాష్ (సందుల్లోకి పారే పలచటి రంగు) సీసాలు అక్కర్లేదు. క్యామెల్ ఆర్టిస్ట్ ఆయిల్ ట్యూబుల్లో రా అంబర్, బర్న్ట్ అంబర్, యెల్లో ఓకర్, టైటానియం వైట్, నలుపు ఉంటే చాలు. ముందు రోజే కొంచెం కొంచెం అట్టముక్క మీద పిండి పెట్టండి. అట్ట నూనె పీల్చేస్తుంది, నూనె పోయిన రంగు త్వరగా ఆరుతుంది, మెరవదు. రా అంబర్‌లో రవ్వంత నలుపు కలిపి, వాసన లేని టర్పెంటైన్‌లో టీ డికాక్షన్ అంత పలచగా చేసి, సన్నటి బ్రష్ మొనతో బోల్ట్ పక్కన, వెల్డింగ్ గీత చివర తాకించండి. గ్లాస్ మీద అదే గీత వెంబడి పరిగెత్తుతుంది. పక్కకు పొర్లింది ఆరాక, టర్పెంటైన్‌లో తడిపి పిండేసిన బ్రష్‌తో తుడవండి.

పక్క పలకలకు చుక్కల పని. తెలుపు, ఓకర్, రా అంబర్ చుక్కలు ఎడంగా పెట్టి, దాదాపు పొడిగా ఉన్న చదును బ్రష్‌తో పైనుంచి కిందికి లాగండి. చుక్కలు కనపడకుండా పోయేదాకా లాగాలి. మిగిలేది రంగు కాదు, పచ్చలో చిన్న తేడా. ఎండకు వెలిసిన పలక, వెలవని పలక అన్న తేడా తెలిస్తే చాలు. స్కర్ట్ ప్లేట్లు (ట్రాక్ పై భాగాన్ని పక్కనుంచి కప్పే పలకలు) ఒక్కొక్కదానికీ విడిగా చెయ్యండి, అవి విడి ముక్కలు కదా.

ఇది రెండు మూడు రోజులు ఆరాక మ్యాట్ కోటు. ఆ తర్వాతే దుమ్ము. మధ్యరకం పొడిని పొడి బ్రష్‌తో మూలల్లోకి, ఫెండర్ల మీదికి, ఇంజిన్ డెక్ సందుల్లోకి నింపండి. తర్వాత బ్రష్ మొనతో ఒక చుక్క టర్పెంటైన్ ఆ కుప్ప అంచుకి తాకించండి, దానంతటదే లోపలికి లాక్కుంటుంది. తడిగా ఉన్నప్పుడు దుమ్మే లేనట్టు కనిపిస్తుంది. కంగారు పడి ఇంకా వెయ్యకండి, ఆరాక బయటికొస్తుంది. ఆరాక దఫేదార్ గారు చెప్పిన చోట్లన్నీ ఇయర్ బడ్‌తో తుడిచెయ్యండి. ట్రాక్ గార్డు, హెడ్‌లైట్ పక్క, డ్రైవర్ హ్యాచ్ అంచు, బిన్ మూత. సిబ్బంది ఉన్నారని చూసేవాడికి తెలిసేది ఆ నాలుగు తుడుపులతోనే.

దుమ్ము మీద మళ్లీ వార్నిష్ కొట్టకండి. కొట్టారో, మాయమైపోతుంది.

---

తుప్పు రాజా

కల్యాణి గారి పద్ధతి బాగుంది, కాదనను. కానీ ఇంత జాగ్రత్తగా చేస్తే ఎగ్జిబిషన్ టేబుల్ మీద ఎవడి కంట్లోనూ పడదు. మూడడుగుల దూరం నుంచి చూసేవాడికి కాంట్రాస్ట్ కావాలి. సినిమాలో మేకప్ కూడా దగ్గర్నుంచి చూస్తే ఎక్కువే ఉంటుంది.

---

కుంచె కల్యాణి

కాంట్రాస్ట్ వద్దని నేను అనలేదండీ. లేత దుమ్ము పక్కన ముదురు పచ్చ, అదే కాంట్రాస్ట్.

స్పాంజి విషయంలో మాత్రం ఒక లెక్క వేసి చూడండి. 1/35లో 1 మిల్లీమీటరు అంటే అసలు బండి మీద 35 మిల్లీమీటర్లు. స్పాంజి చుక్క సామాన్యంగా ఒకటిన్నర మిల్లీమీటర్లు పడుతుంది. అంటే అసలు ట్యాంకు మీద అయిదు సెంటీమీటర్ల పెచ్చు. అలాంటివి హ్యాచ్ చుట్టూ యాభై ఉంటే దఫేదార్ గారి పరేడ్‌లో ఏమయ్యేదో మీరే చెప్పండి. నేను స్పాంజి వాడి, ఆ తర్వాత చుక్కలో మూడొంతులు బేస్ రంగుతో మూసేస్తాను. మిగిలిన ముక్కలు గీతల్లా సన్నగా ఉంటాయి. తుప్పు రంగు కూడా వెయ్యను. లేత పచ్చ గీత ముందు, దాని నడిమధ్యన, అదీ ఒకటీ రెండు చోట్లే, ముదురు బూడిద గోధుమ.

---

హాస్టల్ గది (తిరుపతి)

అన్నా, అక్కా, నాకు ఎయిర్ బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేదు, కొనే పరిస్థితీ లేదు. టామియా అక్రిలిక్ సీసాలు కుంచెతో వేస్తే రెండో కోటు వేసేటప్పుడు మొదటి కోటు లేచి వస్తోంది. ఏం చెయ్యాలి? స్నేహితుడి దగ్గర వల్లేహో కంపెనీ అక్రిలిక్ రంగు సీసాలు ఉన్నాయి. శానిటైజర్ కోసం కొన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అవి పలచన చేసుకోవచ్చా?

---

గొలుసుబండి

తమ్ముడూ, ఆల్కహాల్ టామియాకి సరిపోతుంది, వల్లేహోకి కాదు. వల్లేహోలో పోస్తే రబ్బరులా ముద్ద కడుతుంది. దానికి నీళ్లు, లేదా వాళ్ల థిన్నరే.

కుంచెతో అయితే వల్లేహోయే నీకు సుఖం. పాలలా పలచగా చేసి, చదునుగా ఉండే మెత్తటి సింథటిక్ బ్రష్‌తో వెయ్యి. మొదటి కోటు మచ్చలు మచ్చలుగా, అసహ్యంగానే ఉంటుంది. వదిలెయ్. పూర్తిగా ఆరాక రెండోది అడ్డంగా, మూడోది నిలువుగా. తడి మీద మళ్లీ కుంచె పెట్టొద్దు. సైన్యం బండికి కుంచె జాడలు రవ్వంత ఉన్నా తప్పు లేదు, దఫేదార్ గారు చెప్పారుగా అక్కడా కుంచెతోనే పూస్తారని.

---

భీమిలి బ్రష్ (విశాఖపట్నం)

మ్యాట్ కోటు మాట వచ్చింది కాబట్టి సముద్రం పక్కన ఉండేవాళ్ల గోడు కూడా వినండి. వానాకాలంలో ఇక్కడ మ్యాట్ స్ప్రే కొడితే బండి మీద తెల్లటి పొగమంచు పరుచుకుంటుంది. లాకర్ థిన్నర్ వేగంగా ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లటి పొర మీద దిగి రంగులో చిక్కుకుంటుంది. డబ్బా పాడైందని చాలామంది పారేస్తారు. డబ్బా తప్పేం లేదు.

అలా తెల్లబడితే గీకొద్దు. ఎయిర్ బ్రష్‌లో నెమ్మదిగా ఆరే రిటార్డర్ ఉన్న థిన్నర్ మాత్రమే పోసి (నేను మిస్టర్ లెవెలింగ్ థిన్నర్ వాడతాను), దూరం నుంచి మంచులా చల్లితే పై పొర మళ్లీ కరిగి తేమ పోతుంది. ఎక్కువ చల్లితే కింది రంగు జారుతుంది, చెయ్యి పట్టుకుని చల్లండి. ముందే జాగ్రత్త పడాలంటే ఏసీ డ్రై మోడ్‌లో పెట్టిన గదిలో బండినీ డబ్బానీ ఒక గంట ఉంచి, బయటికి తెచ్చి గబగబా కొట్టి, మళ్లీ లోపల పెట్టెయ్యడమే.

హనుమకొండలో గొలుసుబండి గారికి ఈ బాధ తక్కువ. ఆయన బాధ మే నెలలో ఉంటుంది.

---

గొలుసుబండి

మే నెల గురించి చెప్పకండి. బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు రంగు నాజిల్ దాటి బండి చేరేలోపే పొడి అయిపోతుంది. చేత్తో తడిమితే గరుకు కాగితం. తెల్లారి అయిదున్నరకు లేచి కొట్టడం ఒక్కటే మార్గం. ప్రెషర్ 15 పీఎస్ఐకి దించుతాను, నాజిల్ దగ్గరగా పెడతాను, రెండు చుక్కలు రిటార్డర్ కలుపుతాను. మా ఆవిడ మాత్రం, యోగాకి లేవమంటే లేవరు గానీ, అంటుంది.

---

వేదిక నిర్వాహకుడు

చర్చ బాగా నడుస్తోంది, ఆపడం నా ఉద్దేశం కాదు. కానీ ఏసీ గది మాట, హాస్టల్ గది మాట విన్నాక ఇది చెప్పక తప్పదు. లాకర్, ఎనామెల్, టర్పెంటైన్ ఆవిరి మూసిన గదిలో పీల్చకండి. కోవిడ్ రోజుల గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. వంటింట్లో స్టవ్ వెలుగుతుండగా స్ప్రే డబ్బా తియ్యకండి. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోటారు దగ్గర నిప్పురవ్వ పుట్టొచ్చు కాబట్టి దాని ముందు కూడా కొట్టొద్దు. బాల్కనీ, లేదా తెరిచిన కిటికీ, గాలి మీ వీపు వైపు నుంచి బయటికి పోయేలా.

---

డోర్సెట్ తెలుగోడు

ట్రాక్‌కి రంగు ఎలా వెయ్యాలో ఎవరూ చెప్పలేదేంటి? కిట్‌లోని మెత్తటి వినైల్ ట్రాకే వాడుతున్నావా? దాన్ని ముందు సబ్బు నీళ్లతో కడుగు, అచ్చుకి పూసిన నూనె అంటుకుని ఉంటుంది. వంచితే రంగు పెళుసుగా ఊడకుండా ఉండాలంటే వల్లేహో లాంటి సాగే అక్రిలిక్ మేలు. చక్రాలకు తగిలించేశాకే మట్టి పని మొదలుపెట్టు.

స్కర్ట్‌లు ఉన్నాయి కాబట్టి పై వరుస కనపడదు, నీ అదృష్టం. కనపడేది ముందు వంపు, వెనక వంపు, కింద నేల మీద పరిచిన భాగం. ముదురు బూడిద గోధుమ బేస్, మీద ముల్తానీ ముదురు పొడి, గుంటల్లోకి టర్పెంటైన్. చివర్లో 6బీ పెన్సిల్ గ్రాఫైట్‌ని వేలికి రాసుకుని, నేలకు ఒరిగే గట్ల మీద మాత్రం రుద్దు. వెండి రంగు పెయింట్ కంటే అది నిజమైన ఉక్కులా మెరుస్తుంది. చక్రాల రబ్బరుకి పచ్చి నలుపు వెయ్యకు, ముదురు బూడిద చాలు.

---

గొలుసుబండి

పని దాదాపు అయింది, ఫొటోలు పెట్టాను. ఏం చేశానో చెబుతాను, ఇంకేం కావాలో మీరు చెప్పండి.

ముల్తానీ మట్టి పద్ధతి అద్భుతం. మొదట తడిపినప్పుడు దుమ్మంతా మాయమైపోయింది, కల్యాణి గారు ముందే చెప్పారు కాబట్టి చెయ్యి కట్టుకుని కూర్చున్నాను. భోజనం చేసి వచ్చేసరికి ఇంజిన్ డెక్ గ్రిల్స్ మధ్య అచ్చం పొలం దారిలో వచ్చిన బండి మీద కూర్చున్నట్టే కూర్చుంది. టరెట్ పోత గరుకులో అది చిక్కుకున్న తీరు చూస్తే డోర్సెట్ అన్న చెప్పింది అర్థమైంది. కప్పు మీద జారిపోయి వెల్డింగ్ దగ్గర ఆగింది, నేనేం చెయ్యలేదు.

సైలెన్సర్లకు తుప్పు వేశాను. రాజా అన్నా, అది మీ కోసం. స్పాంజి కూడా వాడాను, స్కర్ట్ ప్లేట్ల కింది అంచుకి మాత్రమే, గట్లకు ఒరుసుకునే చోటు కదా. ఒక ప్లేటు మూల వేడి చేసి కొంచెం వంచాను.

పెట్రోల్ మరక ఒక్కటి ప్రయత్నించాను. దుమ్ము ఆరాక ఫిల్లర్ మూత పక్కన శుభ్రమైన టర్పెంటైన్ చుక్క వేసి వదిలేశాను. అది దుమ్మును అంచుకి తోసుకుంటూ పోయి, అసలు పెట్రోల్ ఎలా చేస్తుందన్నారో అలాగే లేత గీత మిగిల్చింది.

ఇప్పుడు సందేహం కింది భాగం గురించి. డిసెంబరు 15 రాత్రి 47వ బ్రిగేడ్ బసంతర్ దాటి పట్టు దొరకబుచ్చుకుంది. ఆ తర్వాత 17 హార్స్ ట్యాంకులు మందుపాతరల మధ్యలోంచి నది దాటాయి. మరి నది దాటిన బండికి తడి బురద ఎంత ఎత్తు వరకు ఉండాలి?

---

మాజీ దఫేదార్

ఫొటోలు చూశాను. మూడో ఫొటోలో డ్రైవర్ హ్యాచ్ దగ్గర దుమ్ము లేకుండా ఉంది చూశారా, అక్కడే నా చెయ్యి ఆగిపోయింది. బాగా చేశారు బాబూ.

బురద గురించి. ఆ నదులు చలికాలంలో నిండుగా పారవు, ఇసుక, గులకరాళ్లే ఎక్కువ. ట్రాక్ మునిగేంత నీళ్లు ఊహించుకోవద్దు. బురద ఎక్కువగా పట్టేది ఒడ్డు ఎక్కేటప్పుడు, ముందు పోయిన బండ్లు చిలికిన చోట. అది ట్రాక్‌తో పాటు పైకి లేచి ఫెండర్ అడుగు భాగానికి కొట్టుకుంటుంది, వెనక వైపు హల్ మీద చిమ్ముతుంది. పైన పొడి దుమ్ము, కింద తడి బురద, రెండూ కలిసి ఉంటాయి. ఒకే బండి మీద రెండూ ఉండకూడదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకో మాట. యాంటెన్నా మరీ నిటారుగా, గట్టిగా ఉంది. బండి కదులుతుంటే అది ఊగుతుంది, కొంచెం వంగినట్టు పెట్టండి. సామాన్లు కూడా తక్కువ. బండి మీద నలుగురు బతుకుతారు. పరుపు చుట్టలు, టార్పాలిన్, నీళ్ల జెర్రీకేన్, టీ కాచుకునే డబ్బా ఏవీ లేకుండా మా బండి ఎప్పుడూ లేదు.

---

కుంచె కల్యాణి

తడి బురదకు: ముల్తానీ ముదురు పొడి, చిటికెడు ప్లాస్టర్, అక్రిలిక్ మ్యాట్ మీడియం కలిపి పెరుగులా చెయ్యండి. పాత బ్రష్‌కి పట్టించి, ఎయిర్ బ్రష్ గాలితోనో స్ట్రాతో ఊదో వెనక హల్ మీద చిమ్మండి. పైకి వెళ్లే కొద్దీ చుక్కలు చిన్నవి కావాలి. ఇసుక రేణువులు కలపొద్దు. అర మిల్లీమీటరు రేణువు అంటే అసలు సైజులో దాదాపు రెండు సెంటీమీటర్ల రాయి, అది ఉక్కుకి అంటుకుని నిలబడదు. ఆరాక కొన్ని చోట్లే సెమీ గ్లాస్ తాకించండి. అంతటా మెరిస్తే చాక్లెట్ పూసినట్టు ఉంటుంది.

టార్పాలిన్‌కి టిష్యూ పేపర్, నీళ్లు కలిపిన ఫెవికాల్. తడిగా ఉండగానే బిన్ మీద వాలేలా మడవండి, గాలిలో తేలుతున్నట్టు కనపడకూడదు.

---

తుప్పు రాజా

సైలెన్సర్లు చూశాను. బాగున్నాయి. ఎడమ వైపుది ఇంకొంచెం ఉండొచ్చు.

---

హాస్టల్ గది

కల్యాణి అక్కా, నా టీ-55 ట్యాంకుకి ఇదే పద్ధతి చేద్దామని కొట్టుకి వెళితే రోజ్ వాటర్ కలిపిన ఫేస్ ప్యాక్ ముల్తానీ మట్టి ఒక్కటే ఉంది. చందనం కూడా ఉందని రాసి ఉంది. పనికొస్తుందా?

---

కుంచె కల్యాణి

వద్దు నాయనా. అందులో కలిపినవి ఏమిటో, ఆరాక ఏ రంగుకి తిరుగుతాయో తెలియదు. పూజా సామగ్రి కొట్లోనో ఆయుర్వేద మూలికల కొట్లోనో అడుగు, గడ్డలుగా దొరుకుతుంది. దంచి గుడ్డలో దులుపు. కొన్నది ముఖానికి రాసుకో.